చివరి పది నిమిషాలు ఎవరివి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: హాకీ

2025 డిసెంబరులో చెన్నై, మదురైలలో జూనియర్ ప్రపంచకప్ ముగిసినప్పటి నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో క్రికెట్ కాస్త పక్కకు జరిగి హాకీ ముందుకు వచ్చింది. కొన్ని ఉత్తరాల్లో కోపం ఉంది, కొన్నింటిలో ఆశ ఉంది, ఒకటి రెండింటిలో రెండూ ఉన్నాయి. జవాబులు చెప్పే ముందు ఒక మాట మనవి చేసుకోవాలి. నేను జాతీయ స్థాయిలో ఆడినవాణ్ణి కాను. సికింద్రాబాద్ కంకర మైదానాల్లో మోకాళ్లు చెక్కుకుపోయేలా ఆడి, ఆ తర్వాత నలభై ఏళ్లుగా గట్టు మీద కూర్చుని చూస్తున్న అభిమానిని మాత్రమే. ఇక్కడ చెప్పేవి అలాంటి వాడి అభిప్రాయాలుగానే స్వీకరించండి.

విజయవాడ పాఠకుడు: భారత కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ గొప్ప డ్రాగ్ ఫ్లిక్ (బంతిని స్టిక్‌తో ఈడ్చి విసిరే దెబ్బ) ఆటగాడే గానీ, కెప్టెన్సీ వేరొకరికి అప్పగించవలసిన సమయం వచ్చిందని మా మిత్రబృందం వాదన. నిరుడు జూన్‌లో యూరప్ వెళ్లి వరుసగా ఏడు మ్యాచ్‌లు ఓడి వచ్చిన జట్టు, ఈ ఆగస్టులో ప్రపంచకప్‌లో ఏం సాధిస్తుందని నమ్మాలి?

మీ మిత్రబృందం బాధ నాకు అర్థమైంది, ఎందుకంటే ఆ రెండు వారాలూ నేను కూడా అర్ధరాత్రి దాకా టీవీ ముందు కూర్చుని మర్నాడు ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయినవాణ్ణే. అయితే ఆ ఏడు ఓటములను ఒక కాగితం మీద రాసుకుని చూడండి. నెదర్లాండ్స్ చేతిలో 1–2, 2–3. అర్జెంటీనా చేతిలో 3–4, 1–2. ఆస్ట్రేలియా చేతిలో రెండుసార్లూ 2–3. బెల్జియం చేతిలో 3–6. ఆ చివరిది తప్ప మిగిలిన ఆరూ ఒక్క గోల్ తేడాతో పోయినవే. ఆఖరి రోజున అదే బెల్జియంను 4–3తో ఓడించి తిరిగివచ్చారు. ఆట రాని జట్టుకు ఇటువంటి స్కోర్లు రావు. ఆట వచ్చి, దాన్ని అరవయ్యో నిమిషం దాకా నిలబెట్టుకోలేని జట్టుకే వస్తాయి.

కనుక మీరు అడగవలసిన ప్రశ్న కెప్టెన్ ఎవరన్నది కాదని నా అభిప్రాయం. చివరి పది నిమిషాల్లో మైదానంలో ఎవరి మాట చెల్లుతోంది అన్నదే అసలు ప్రశ్న. 2023 జనవరిలో భువనేశ్వర్‌లో న్యూజిలాండ్‌తో జరిగిన ప్రపంచకప్ క్రాసోవర్ మ్యాచ్ (క్వార్టర్ ఫైనల్ చేరడానికి గెలవవలసిన మ్యాచ్) మీకు గుర్తుండే ఉంటుంది. మన గడ్డ మీద, మన జనం మధ్య 3–1 ఆధిక్యంలో ఉన్న జట్టు 3–3 దాకా జారిపోయి, షూటౌట్‌లో ఓడి, క్వార్టర్ ఫైనల్ కూడా చూడకుండా ఇంటిదారి పట్టింది. గ్రాహం రీడ్ కోచ్ పదవికి రాజీనామా చేశారు. అప్పుడు కూడా అందరూ హర్మన్‌ప్రీత్‌నే వేలెత్తి చూపారు. కానీ ఆ మ్యాచ్‌లో మిడ్‌ఫీల్డ్‌ను పట్టి నడిపించవలసిన హార్దిక్ సింగ్ అంతకుముందే తొడ కండరం గాయంతో టోర్నీకి దూరమయ్యాడన్న సంగతి చాలామంది మరిచిపోయారు. నడిమైదానంలో ఆటను నెమ్మదింపజేసి, బంతిని మన దగ్గరే ఉంచి, గడియారాన్ని మన వైపు నడిపించేవాడు ఆ రోజు లేడు.

దీనికి ఎదురుగా 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌తో జరిగిన క్వార్టర్ ఫైనల్‌ను పెట్టి చూడండి. పదిహేడో నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు చూపారు. హాకీలో రెడ్ కార్డు పడితే అతడి స్థానంలో మరొకరు రారు కాబట్టి మిగిలిన దాదాపు 43 నిమిషాలు పది మందే ఆడారు. అయినా స్కోరు 1–1 దాటలేదు, షూటౌట్‌లో 4–2తో గెలిచాం. ఆ రోజు గోల్ వేసిన కెప్టెన్ హర్మన్‌ప్రీత్. వెనక నిలబడి రక్షణ వరుసను గొంతు చించుకుని సర్దిన గోల్‌కీపర్ శ్రీజేష్. ఎవరూ చెప్పకుండానే మిడ్‌ఫీల్డ్ వదిలి రోహిదాస్ ఖాళీ చేసిన చోటికి దిగిపోయినవాడు మన్‌ప్రీత్ సింగ్. టోక్యోలో చేతికి కెప్టెన్ పట్టీ కట్టుకున్న ఆ మన్‌ప్రీత్, మూడేళ్ల తర్వాత పట్టీ లేకుండా చేసిన ఆ పనిని నేను నాయకత్వం అంటాను. నాలుగు వందలకు పైగా అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడినవాడికి కెప్టెన్సీ ఉన్నా లేకున్నా పెద్దరికం తప్పదు.

ఇప్పుడు శ్రీజేష్ లేడు, పారిస్‌తోనే ఆట చాలించాడు. అతడి వెనక ఇంతకాలం ఓపికగా నిలబడిన కృష్ణ పాఠక్ బంతిని ఆపడంలో ఎవరికీ తీసిపోడు గానీ, ఆపడం వేరు, అరవడం వేరు. గోల్‌కీపర్ ఒక్కడికే మైదానం మొత్తం ఎదురుగా కనబడుతుంది. అతడు నోరు విప్పకపోతే నలుగురు డిఫెండర్లు నాలుగు దిక్కులు చూస్తారు. యూరప్‌లో చివరి నిమిషాల్లో మనం సమర్పించుకున్న గోల్స్‌లో నాకు వినిపించినది ఈ నిశ్శబ్దమే.

అందువల్ల హర్మన్‌ప్రీత్‌ను దింపేయమని నేను అనను. అంతర్జాతీయ హాకీ సమాఖ్య (ఎఫ్‌ఐహెచ్) మూడుసార్లు ప్రపంచ ఉత్తమ ఆటగాడిగా ఎంచుకున్నవాడు, నిరుడు సెప్టెంబరులో రాజ్‌గిర్‌లో ఆసియా కప్ గెలిచి ప్రపంచకప్‌కు నేరుగా దారి వేసిన జట్టుకు నాయకుడు. ప్రపంచకప్‌కు ఏడు నెలల ముందు అతడిని మార్చితే కొత్తవాడికి కుదురుకునే వ్యవధి కూడా ఉండదు. అయితే అతడి భుజాల మీది భారాన్ని ముగ్గురికి పంచాలి. వెనక పాఠక్, నడుమ హార్దిక్, ముందు వరుసలో అభిషేక్ లేదా సుఖ్‌జీత్. హార్దిక్ 2023లో ప్రపంచ ఉత్తమ ఆటగాడు అయినవాడే, అతడికి పగ్గాలు చేతికిచ్చినట్టు కనబడాలి. 1975లో కౌలాలంపూర్‌లో మనకు ఏకైక ప్రపంచకప్ తెచ్చిన కెప్టెన్ అజిత్‌పాల్ సింగ్ సెంటర్ హాఫ్, అంటే నడిమైదానం ఆటగాడు అన్న సంగతి ఈ సందర్భంలో ఊరికే గుర్తుకు రావడం లేదు. కెప్టెన్ ఎక్కడ ఆడినా, ఆటకు నాడి మాత్రం నడుమనే కొట్టుకుంటుంది.

తిరుపతి పాఠకురాలు: మన జట్టు పెనాల్టీ కార్నర్ల మీద మరీ ఎక్కువ ఆధారపడుతోందని అందరూ అంటారు. గోల్ ఎలా వస్తే ఏమిటి? అయినా అది అంత కష్టమైన విద్య ఎందుకయిందో వివరంగా చెప్పగలరా?

అమ్మా, ముందు విద్య సంగతి చెబుతాను, ఎందుకంటే అది తెలియకుండా ఆధారపడడంలోని ప్రమాదం తెలియదు.

పెనాల్టీ కార్నర్‌లో ఒక ఆటగాడు గోల్ స్తంభానికి పది మీటర్ల దూరంలో, వెనక గీత మీద నుంచి బంతిని నెడతాడు. అది గోల్ ముందు గీసిన ‘డీ’ ఆకారపు వలయం బయటికి వెళ్లాలి. అక్కడ ఒకడు ఆపుతాడు, ఇంకొకడు దాన్ని లోపలికి లాగి కొడతాడు. స్టిక్‌తో బాదినట్లయితే ఆ మొదటి దెబ్బ గోల్ గీత దాటేటప్పుడు అడుగున ఉన్న చెక్క ఎత్తుకు, అంటే 460 మిల్లీమీటర్లకు మించకూడదు. కానీ బంతిని బాదకుండా స్టిక్‌కు ఆనించి ఈడ్చి విసిరితే ఆ నిబంధన వర్తించదు, పై మూలకు కూడా పంపవచ్చు. డ్రాగ్ ఫ్లిక్ పుట్టింది ఆ వెసులుబాటులో నుంచే. ఎదురుగా గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురు మాత్రమే ఉంటారు, వారిలో ఒకడు బంతి కదిలిన మరుక్షణం ప్రాణానికి తెగించి ఫ్లిక్ కొట్టేవాడి మీదికి పరుగెడతాడు. నెట్టినప్పటి నుంచి గోల్‌లో పడేదాకా ఈ తతంగమంతా మనం కళ్లు రెండుసార్లు ఆర్పేలోగా ముగిసిపోతుంది.

కొన్నేళ్ల క్రితం సికింద్రాబాద్‌లో ఒక మైదానంలో పొద్దున్నే ఒక పదహారేళ్ల కుర్రవాడి సాధన చూశాను. గోల్ రెండు పై మూలల్లో పాత స్కూటర్ టైర్లు తాళ్లతో వేలాడదీశారు. కుర్రవాడు ఎడమ కాలు ముందుకు చాచి, నడుము దాదాపు నేలకు ఆనేంత వంచి, బంతిని వెనక కాలి దగ్గర నుంచి ఈడ్చుకుంటూ వచ్చి, ఆఖరి క్షణంలో మణికట్టు తిప్పి విసురుతున్నాడు. ఇరవై విసిరితే టైరులో నుంచి దూరినవి మూడు. కోచ్ ఏమీ అనలేదు, బంతులన్నీ కాలితో తోసి మళ్లీ వరుసగా పేర్చాడు. నేను టీ తాగి వచ్చేసరికి కుర్రవాడు కుడి చేతి వేళ్లకు కొత్త టేపు చుట్టుకుంటున్నాడు, పాత టేపు నేల మీద ఎర్రగా ఉంది. హర్మన్‌ప్రీత్ చిన్నప్పుడు అమృత్‌సర్ దగ్గరి తమ పొలంలో ట్రాక్టరు గేరు మార్చి మార్చి చేతులకు ఆ బలం తెచ్చుకున్నాడని అంటారు. అది ఎంతవరకు నిజమో గానీ, అతడి మణికట్టు చూస్తే నమ్మాలనిపిస్తుంది.

ఇక ఆధారపడడం సంగతి. పారిస్‌లో ఎనిమిది మ్యాచ్‌లలో మనం వేసినవి మొత్తం 15 గోల్స్, అందులో 10 ఒక్క హర్మన్‌ప్రీత్‌వి. మిగిలిన అయిదింటిని అభిషేక్, మన్‌దీప్, వివేక్ సాగర్, సుఖ్‌జీత్ పంచుకున్నారు. గోల్ ఎలా వస్తే ఏమిటని మీరు అడిగారు. ఆ పది వచ్చినందుకు ఎవరూ బాధపడరు, అవి రాని రోజున ఏమవుతుందన్నదే భయం. ప్రత్యర్థి జట్లు మన కార్నర్ల వీడియోలు పెట్టుకుని హర్మన్‌ప్రీత్ భుజం ఎటు వాలితే బంతి ఎటు వెళుతుందో లెక్కలు కడుతున్నాయి. 2023 ప్రపంచకప్‌లో అతడి ఫ్లిక్‌లు పారకపోయేసరికి జట్టుకు వేరే దారి తెలియలేదు. టోక్యోలో అలా లేదు. అక్కడ హర్మన్‌ప్రీత్ 6 గోల్స్ వేస్తే రూపిందర్ పాల్ సింగ్ 4 వేశాడు, ఫ్లిక్ ఎవరు కొడతారో తెలియక ఎదుటి పరుగువీరుడు సగం అడుగు తడబడేవాడు. రూపిందర్ ఆట చాలించాక ఆ రెండో కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. జుగ్‌రాజ్ సింగ్ ఉన్నాడు, సంజయ్ ఉన్నాడు, రోహిదాస్ ఉన్నాడు. కానీ కీలకమైన మ్యాచ్‌లో కెప్టెన్ పక్కకు జరిగి, “ఇది నువ్వు కొట్టు” అని వాళ్లలో ఒకరికి ఇవ్వడం తరచుగా కనబడదు. నాయకత్వమంటే అప్పుడప్పుడు ఆ పక్కకు జరగడం కూడా అని నేననుకుంటాను.

ఇక్కడే చాలామంది గమనించని మరో సంగతి. పారిస్ సెమీఫైనల్‌లో జర్మనీ చేతిలో 2–3తో ఓడినప్పుడు రోహిదాస్ నిషేధంలో ఉన్నాడు. అతడు ఫ్లిక్ కొట్టడం కంటే ఎదుటివాళ్ల ఫ్లిక్‌కు ఎదురు పరుగెత్తడంలో దిట్ట. ఆ రోజు జర్మనీ మొదటి గోల్ పెనాల్టీ కార్నర్ మీద గోంజాలో పెయ్యాట్ వేసిందే. కార్నర్లు గెలవడమే కాదు, కాచుకోవడమూ ఒక విద్యే, దానికీ రెండో మనిషి కావాలి.

వరంగల్ పాఠకుడు: జూనియర్ ప్రపంచకప్‌లో కాంస్యం తెచ్చిన కుర్రాళ్లలో ఆగస్టు నాటికి సీనియర్ జట్టులోకి రాగలవారు ఎవరు? వాళ్లకు అవకాశం ఇవ్వకుండా పాతవాళ్లనే పట్టుకుని వేలాడుతున్నారని నా ఆరోపణ.

ఆరోపణలో సగం నిజముంది. మిగతా సగం మన తొందర.

కాంస్య పతక మ్యాచ్‌లో అర్జెంటీనా మీద 0–2తో వెనకబడి, చివరి పన్నెండు నిమిషాల లోపు నాలుగు గోల్స్ వేసి 4–2తో గెలిచారు. అంకిత్ పాల్, మన్మీత్ సింగ్, శారదానంద్ తివారీ, అన్మోల్ ఎక్కా తలా ఒకటి వేశారు. నాలుగు గోల్స్, నలుగురు మనుషులు. సీనియర్ జట్టు ఏడు మ్యాచ్‌లలో చేజార్చుకున్న ఆ చివరి నిమిషాలనే ఈ పిల్లలు ఒక్క సాయంత్రంలో పట్టుకుని చూపించారు. డగౌట్‌లో కోచ్‌గా కూర్చున్నది శ్రీజేష్ అన్నది నాకు కాకతాళీయంగా తోచదు. క్వార్టర్ ఫైనల్‌లో బెల్జియంతో షూటౌట్ నెగ్గినప్పుడు గోల్‌లో నిలబడిన ప్రిన్స్‌దీప్ సింగ్‌కు ఏ గురువు దొరికాడో వేరే చెప్పాలా?

కానీ అదే జట్టు సెమీఫైనల్‌లో జర్మనీ చేతిలో 1–5తో ఓడింది కూడా. ఆ రెండు మ్యాచ్‌ల మధ్యన ఉన్న దూరమే జూనియర్‌కూ సీనియర్‌కూ మధ్య దూరం. యూరప్ సీనియర్ జట్ల మీద బంతి అందుకుని తల ఎత్తేలోపు ఇద్దరు మీద పడతారు. అక్కడ నైపుణ్యం కంటే ముందు శరీరం నిలబడాలి.

నన్ను అడిగితే ఇద్దరి మీద కన్నేసి ఉంచమంటాను. మొదటివాడు అరైజీత్ సింగ్ హుందల్. 2024 డిసెంబరులో మస్కట్‌లో జూనియర్ ఆసియా కప్ ఫైనల్‌లో పాకిస్తాన్ మీద 5–3తో గెలిచినప్పుడు నాలుగు గోల్స్ ఇతడివే. అతడికి ఫ్లిక్ కూడా వచ్చు గనుక పై జవాబులో చెప్పిన ఆ ఖాళీ కుర్చీకి పనికివస్తాడు. రెండోవాడు ప్రిన్స్‌దీప్. గోల్‌కీపర్ తయారవడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఇప్పుడే పెద్దవాళ్ల శిబిరంలో కూర్చోబెట్టాలి, ఆడించకపోయినా ఫరవాలేదు. మిగిలినవారిలో ఫార్వర్డ్ దిల్‌రాజ్ సింగ్ నాకు ఇష్టం. కారణం అడిగితే సరిగా చెప్పలేను, డీలోకి దూరేటప్పుడు అతడు తల వంచే తీరు ముచ్చటగా ఉంటుంది.

పాతవాళ్ల విషయానికి వస్తే, ఒలింపిక్స్‌లో 16 మందికే చోటు. ప్రతి కొత్తవాడు వచ్చినప్పుడు ఒక పాతవాడు ఇంటికి వెళ్లాలి. 2016లో లక్నోలో జూనియర్ ప్రపంచకప్ గెలిచిన బృందం నుంచే హర్మన్‌ప్రీత్, మన్‌దీప్ వంటివారు వచ్చి ఈనాటి జట్టుకు వెన్నెముకయ్యారు. కానీ ఆ జట్టు కెప్టెన్ హర్జీత్ సింగ్ సీనియర్ జట్టులో నిలదొక్కుకోలేకపోయాడు. జూనియర్ పతకం తలుపు తీస్తుంది, లోపల కుర్చీ వేయదు. 2026 మొదటి సగంలో, దేశాల జట్ల మధ్య జరిగే ప్రో లీగ్ మ్యాచ్‌లలో, ముగ్గురు నలుగురు కుర్రాళ్లను వంతులవారీగా ఆడించి, ఓడినా ఓర్చుకునే ధైర్యం కోచ్ క్రెయిగ్ ఫుల్టన్‌కు ఉండాలి. ముందు కాచుకో, తర్వాత గెలువు అనేది ఆయన పద్ధతి. టోక్యోలో స్వర్ణం గెలిచిన బెల్జియం జట్టు శిక్షకుల బృందంలో పనిచేసి వచ్చిన మనిషి కాబట్టి ఆ పద్ధతిని తప్పుపట్టను. కాకపోతే కాచుకోవడం నేర్పేవాడికి సహజంగానే అనుభవజ్ఞుల మీద మక్కువ ఎక్కువ, దాన్ని ఆయన కొంచెం అదుపులో పెట్టుకోవాలి.

హైదరాబాద్ పాఠకుడు: హైదరాబాద్ తూఫాన్స్ పేరు మనది, మ్యాచ్‌లు మాత్రం మన ఊళ్లో లేవు. ఇదేం అన్యాయం?

అన్యాయమే. తిరిగి మొదలైన హాకీ ఇండియా లీగ్‌లో తొలి ఏడాది మ్యాచ్‌లు రూర్కెలా, రాంచీలలో జరిగాయి. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఫైనల్‌లో మన తూఫాన్స్ 3–4తో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడారు, ఆ మ్యాచ్‌లో మన కొంప ముంచిన హ్యాట్రిక్ పైన చెప్పిన జుగ్‌రాజ్ సింగ్‌దే. ఈ ఏడాది చెన్నై, రాంచీ, భువనేశ్వర్‌లకు వెళ్లారు. ఒకే చోట అన్ని జట్లనూ చేర్చితే ఖర్చు తగ్గుతుందన్నది నిర్వాహకుల లెక్క, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లలో వరుసగా ఆడిన ముకేష్ కుమార్‌ను ఇచ్చిన ఊరికి ఏడాదికి నాలుగు మ్యాచ్‌లు కూడా చూసే భాగ్యం లేకపోతే రేపటి ముకేష్ కుమార్ ఎవర్ని చూసి స్టిక్ పట్టుకోవాలి?

బ్రాంప్టన్, కెనడా నుంచి ఒక తెలుగు పాఠకుడు: ఇక్కడ హాకీ అంటే ఐస్ హాకీ. ఏప్రిల్‌లో ఓడిన జట్టు అక్టోబరు దాకా కూర్చుని ఎవరిని తీసుకోవాలి, ఎవరిని వదలాలి అని లెక్కలు వేసుకుంటుంది. అభిమానులు కూడా వేసవి అంతా అదే చర్చ. మన ఫీల్డ్ హాకీ జట్టుకు ఇటువంటి విరామ కాలం ఉంటుందా? ఉంటే దాన్ని ఎలా వాడుకుంటే బాగుంటుంది?

మీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను. మీ టొరంటో మేపుల్ లీఫ్స్ 1967 తర్వాత స్టాన్లీ కప్ ఎరగరు, మనం 1975 తర్వాత ప్రపంచకప్ పతకమే ఎరగం. వాళ్లు 2024లో కెప్టెన్‌ను కూడా మార్చి ఆస్టన్ మాథ్యూస్‌కు పట్టీ ఇచ్చారు, 2025 వసంతంలో ఫ్లోరిడాతో ఏడో మ్యాచ్‌లో సొంతగడ్డ మీద 1–6తో ఓడనే ఓడారు. మా విజయవాడ మిత్రులకు ఈ ఉదాహరణ చూపించండి.

మీరు చెప్పిన అర్థంలో మనవాళ్లకు విరామ కాలం లేదు. జనవరిలో లీగ్, ఆ తర్వాత ప్రో లీగ్, జూన్‌లో మళ్లీ యూరప్ మ్యాచ్‌లు, ఆగస్టు 15 నుంచి 30 వరకు నెదర్లాండ్స్, బెల్జియంలలో ప్రపంచకప్, సెప్టెంబరు 19న జపాన్‌లోని ఐచి–నగోయాలో ఆసియా క్రీడల ఆరంభం. ఈ చివరి రెండింటి మధ్య మూడు వారాలు కూడా లేవు. ప్రపంచకప్ మనకు యాభై ఏళ్ల ఆకలి, ఆసియా క్రీడల స్వర్ణమేమో 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు నేరుగా టికెట్. ఏది ముందు అని అడిగితే నేను ప్రపంచకప్ అంటాను, లెక్కలు తెలిసినవారు ఆసియా క్రీడలు అంటారు. ఒకే పద్దెనిమిది మందిని రెండింటికీ ఒళ్లు హూనం చేసి తిప్పితే రెండూ పోయే ప్రమాదముంది.

మీ జట్లకు మరో సౌకర్యం ఉంది, లేనివాణ్ణి కొనుక్కోవచ్చు, ఉన్నవాణ్ణి ఇచ్చి మార్చుకోవచ్చు. దేశం జట్టుకు ఆ బజారు లేదు. ఉన్నవాళ్లనే మెరుగుపరచుకోవాలి. కాబట్టి బెంగళూరు సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో జరిగే శిబిరాలే మన ఆఫ్ సీజన్. వాటిలో దొరికే కొద్ది వారాలను దేనికి ఖర్చుపెట్టాలన్నది అసలు విషయం. పారిస్‌కు ముందు జట్టును మూడు రోజులు స్విట్జర్లాండ్ తీసుకెళ్లి మైక్ హార్న్ అనే సాహసయాత్రికుడి దగ్గర కొండలు, వాగులు ఎక్కించి దింపించారు. మానసిక శిక్షకుడిగా ప్యాడీ అప్టన్‌ను పెట్టుకున్నారు. పది మందితో 43 నిమిషాలు నిలబడినప్పుడు ఆ ఖర్చు వృథా పోలేదనిపించింది.

ఈసారి నాకు అధికారం ఇస్తే శిబిరంలో రోజూ ఒక పని చేయిస్తాను. రెండు గంటల కసరత్తు అయి, కాళ్లు బరువెక్కి, నోరెండిపోయిన తర్వాత గడియారం పెట్టి పది నిమిషాల మ్యాచ్ ఆడించాలి. స్కోరు 2–1 అని పలక మీద రాయాలి. ఒక రోజు మనం ఆధిక్యంలో, మరొక రోజు వెనకబడి. నాయకుడు రోజుకొకడు, హర్మన్‌ప్రీత్ ఆ పది నిమిషాలూ గట్టు మీద కూర్చుని చూడాలి. ఆధిక్యంలో ఉన్న రోజు బంతిని మూల గీతల దగ్గరికి తీసుకువెళ్లి ప్రత్యర్థి కాలికి తగిలించి ఫ్రీ హిట్లు సంపాదించడం నేర్చుకోవాలి. మనవాళ్లకు ఈ విద్య సుతరామూ ఇష్టం లేదు, ఇంకో గోల్ కోసం పరుగెత్తుతారు. బెల్జియం, ఆస్ట్రేలియాలు సిగ్గుపడకుండా ఈ పని చేస్తాయి. వెనకబడిన రోజు గోల్‌కీపర్‌ను ఎన్నో నిమిషంలో బయటికి పిలవాలో, పదకొండో మనిషి ఎక్కడ నిలబడాలో ఖాయం చేసుకోవాలి. మైదానంలో ఆ క్షణం వచ్చినప్పుడు బెంచీ వైపు చూసే పని ఉండకూడదు.

రెండోది, ఫీల్డ్ గోల్స్. ఆసియా కప్ ఫైనల్‌లో కొరియా మీద 4–1తో గెలిచినప్పుడు మొదటి నిమిషంలోనే సుఖ్‌జీత్, ఆ తర్వాత దిల్‌ప్రీత్ రెండు, చివరకు రోహిదాస్ ఒకటి వేశారు. నాలుగింటిలో ఒక్కటి కూడా హర్మన్‌ప్రీత్‌ది కాదు, అయినా మూడు గోల్స్ తేడాతో గెలిచాం. కొరియా వేరు, నెదర్లాండ్స్ వేరు అని మీరనవచ్చు, ఒప్పుకుంటాను. కానీ అలవాటు అక్కడి నుంచే మొదలవ్వాలి.

నిజామాబాద్ పాఠకురాలు: అన్నీ మగవాళ్ల జట్టు గురించేనా? టోక్యోలో నాలుగో స్థానం దాకా వెళ్లిన అమ్మాయిలు ఇప్పుడెక్కడున్నారు? మా అమ్మాయి ఎనిమిదో తరగతి, స్కూల్లో హాకీ ఆడుతోంది. ఆడించమంటారా, మాన్పించమంటారా?

మీ మందలింపు న్యాయమైనదే. టోక్యోలో రాణి రాంపాల్ నాయకత్వంలో క్వార్టర్ ఫైనల్‌లో ఆస్ట్రేలియాను ఓడించిన జట్టు, 2024 జనవరిలో రాంచీలో జపాన్ చేతిలో 0–1తో ఓడి పారిస్‌కే వెళ్లలేకపోయింది. ఆ తర్వాత ప్రో లీగ్ నుంచి కిందికి జారింది. రాణి తర్వాత సవిత, ఆమె తర్వాత సలీమా టెటె సారథ్యం వహించారు. కోచ్‌లు మారారు. ఇప్పుడు టోక్యో నాటి శిక్షకుడు షోర్డ్ మరీన్ మళ్లీ వచ్చారు. తప్పు చేసి దిద్దుకోవడం మంచిదే గానీ, అయిదేళ్లు పోయాక దిద్దుకోవడం ఖరీదైన పని. అయితే మీకు దగ్గర్లోనే ఒక అవకాశముంది, ప్రపంచకప్ అర్హత పోటీలు మార్చిలో హైదరాబాద్‌లోనే జరగనున్నాయి.

అమ్మాయిని మాన్పించవద్దు. మీ నిజామాబాద్ నుంచే వెళ్లిన యెండల సౌందర్య భారత జట్టుకు ఆడింది. చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి వెళ్లిన ఏతిమరపు రజని ఏళ్ల తరబడి సవిత వెనక రెండో గోల్‌కీపర్‌గా నిలిచి 2018 ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన జట్టులో ఉంది. అయితే ఇప్పుడే డ్రాగ్ ఫ్లిక్ నేర్పమని కోచ్‌ను వేధించకండి, ఆ వయసు నడుముకు అది మంచిది కాదు. బంతిని ఆపడం, తల ఎత్తి ఇవ్వడం, ఈ రెండూ ఇంకో మూడేళ్లు చాలు. షిన్‌గార్డులు, పళ్లకు మౌత్‌గార్డ్ లేకుండా మైదానంలోకి పంపకండి, స్టిక్ పొడవు ఆమె నడుము ఎత్తుకు సరిపోయిందో లేదో కొనేముందు నిలబెట్టి చూడండి. మార్చిలో ఒక రోజు స్కూలు మాన్పించి హైదరాబాద్ తీసుకెళ్లండి. గోల్ వెనక వైపు కూర్చోబెట్టండి, అక్కడి నుంచి గోల్‌కీపర్ కేకలు వినపడతాయి.